సున్నా కుండీల కావలి

బోధన్ నుంచి వర్నికి పోయే దారిలో, ఎడమ చేతి పక్కన, ఒక చెరుకు పరిశోధన క్షేత్రం ఉండేది. గేటు మీద దాని పేరు ఎంత పొడుగ్గా రాయించారంటే, బస్సు కిటికీలోంచి దాన్ని చివరిదాకా చదివిన ప్రయాణికుడు ఇంతవరకు పుట్టలేదు. లోపల జరిగే పరిశోధన మాత్రం అంత పొడుగు కాదు. ఏడాదికొక నివేదిక హైదరాబాదుకు వెళ్లేది. నివేదిక అందిందని ఏడాదికొక జవాబు వచ్చేది. విజ్ఞానం ఈ విధంగా ముందుకు సాగుతున్న రోజుల్లో, 1982లో, హనోకు ఆ గేటు లోపలికి అడుగుపెట్టాడు.

హనోకుది చందూరు. తండ్రి చెరుకు నరికే కూలి. మెథడిస్టు చర్చిలో వెనక వరసలో కూర్చునేవాడు. కొడుకు ఏడో తరగతి దాటాక, ఎనిమిదోది ఎందుకు దండగని తండ్రీ కొడుకులు ఏకగ్రీవంగా తీర్మానించుకున్నారు. క్షేత్రంలో మస్టరు మీద రోజుకూలీగా చేరిన నాడు అతని చేతికి ఒక రబ్బరు పైపు ఇచ్చి మొక్కలకు నీళ్లు పెట్టమన్నారు. పదిహేడేళ్ల తరువాత కూడా అతను మస్టరు మీదే ఉన్నాడు. పైపు మాత్రం మూడుసార్లు మారింది.

అయినా హనోకు తనను కూలీగా ఎన్నడూ లెక్కవేసుకోలేదు. ఎవరో శాస్త్రవేత్త రిటైరైపోతూ పారేసిన తెల్లకోటు ఒకటి అతనికి దొరికింది. జేబు దగ్గర ఆసిడ్ పడి, రూపాయి బిళ్లంత బొక్క ఉండేది. పొలంలోనూ, హోటల్లోనూ దాన్ని తొడుక్కునే తిరిగేవాడు. ఆదివారం చర్చికి కూడా అదే వేసుకుపోతానంటే భార్య రూతమ్మ అడ్డం పడింది.

"గా బొక్కల కోటేసుకొని దేవుని ముందటికి పోతవా? పాదిరిగారు సూసిండంటే ప్రార్థన ఆపి నీ కోసం సందా ఎత్తుతడు."

"నీకేమెర్క. గిది సినిగిన బొక్క గాదు. సైన్సు బొక్క."

సైన్సు ఆ ఆదివారం మేకుకే వేలాడింది.

అతని సేవా చరిత్రలో ఒక్క మచ్చ ఉంది. 1987లో, ఎరువు వేయకపోతే చెరుకు ఎట్లా పాలిపోతుందో చూసే ప్రయోగం ఒకటి పెట్టారు. ఎరువు వేయకపోతే చెరుకు పాలిపోతుందని వర్ని దారిలో మేకలు కాసుకునేవాళ్లకు కూడా తెలుసు. కానీ వాళ్లకు తెలిసినది పట్టికలో లేదు గనక, ప్రభుత్వం పట్టిక తయారు చేయిస్తోంది. హనోకు రెండు వారాలు ఆ మొక్కల వంక చూశాడు. మూడో వారం చూడలేకపోయాడు. గోడౌన్ నుంచి పిడికెడు యూరియా తెచ్చి వాటి మొదళ్లలో వేశాడు. వారం తిరిగేసరికి మొక్కలన్నీ పచ్చగా నవ్వి అతన్ని పట్టించాయి.

"పస్తున్న పిల్లలకు బువ్వ పెడితే తప్పా సార్?" అని అడిగాడు విచారణలో. విచారణాధికారి దగ్గర ఆ ప్రశ్నకు గడి లేదు. ఫైలులో 'యూరియా దొంగతనం' అని రాసి మూసేశారు.

ఆ మచ్చతోనే పన్నెండేళ్లు గడిచాయి. అప్పుడు వచ్చాడు డాక్టర్ లక్ష్మీరాజం.

ఆయన నిజామాబాదు మనిషి, అక్కడి నుంచే రోజూ బస్సులో వచ్చిపోయేవాడు. ఆరు నెలలు ఎక్కడో పెద్ద ఊరిలో శిక్షణ పొంది, 'జీన్' అన్న మాట లేకుండా మంచినీళ్లు కూడా అడగలేని స్థితిలో తిరిగొచ్చాడు. అయితే ఆయన చేయదలచుకున్న ప్రయోగం మాత్రం నిజంగా మంచిదే. మంచి ప్రయోగాలు ఎట్లాంటివాళ్లకైనా దొరుకుతాయి.

విషయం ఇది. చెరుకు వేరులో ప్రతి కణమూ ఒక కచేరి. కచేరి అల్మారాలో వేల ఫైళ్లుంటాయి. వాటినే డాక్టరు జీన్‌లు అంటాడు. ఏ ఫైలూ ఊరికే తీయరు. మట్టిలో నైట్రేటు వేరును తాకితేనే, గేటు దగ్గరున్న బంట్రోతు దాన్ని గుర్తుపట్టి లోపలికి కబురు పంపుతాడు. అరగంట తిరగకముందే దానికి సంబంధించిన ఫైళ్లు బయటికొస్తాయి. ఒక ఫైలు నుంచి నైట్రేటును మోసుకొచ్చే హమాలీలు తయారవుతారు. ఇంకో ఫైలు నుంచి దాన్ని మొక్క తినగలిగేట్టు మార్చే వంటవాడు తయారవుతాడు. ఆకులకు కూడా కబురు పోతుంది. సరుకు నిండిందంటే ఫైళ్లు మళ్లీ అల్మారాలోకే. సరుకు రాకముందే హమాలీలను నియమించి, వంటవాడికి ఆరు నెలల జీతమిచ్చి, సరుకు కోసం సంఘం వేసే అలవాటు మొక్కకు లేదు. అందుకే అది ఇంకా బతికి ఉంది.

ఈ విజ్ఞానాన్ని హనోకు బోధన్ చౌరస్తా హోటల్లో తన పద్ధతిలో బోధించేవాడు.

"ఇంటికి కోడి రాకముందే ఎవలన్న మసాల నూరుతరా? నూరరు. కోడి కుయ్‌మన్నంకనే రోలు కడుగుతరు. చెరుకు గూడ గంతే. నైట్రేటు అంటే కోడి. జీను అంటే మసాల."

"మరి నువ్వేందన్నా?" అని అడిగాడు హోటల్ ముత్యం.

"నేనా? కోడి రాకుంట కావలుండెటోన్ని."

అదే నిజం. ప్రయోగానికి ఇరవైనాలుగు కుండీలలో నైట్రేటు ఇవ్వాలి. ఇంకో ఇరవైనాలుగింటిలో మిగతా పోషకాలన్నీ ఇచ్చి నైట్రేటు మాత్రం చుక్క కూడా తగలనివ్వకూడదు. ఆ రెండో జాతికి 'సున్నా కుండీలు' అని పేరు. వాటి కావలి హనోకుకు అప్పగించారు. మంజీర ఇసుక తెచ్చి ఏడుసార్లు కడిగాడు. ఎనిమిదోసారి ఆసిడ్‌తో కడిగాడు. కుండీలను దోమతెర లాంటి వల కప్పిన షెడ్డులో, నెట్‌హౌస్ అంటారు దాన్ని, మట్టినేల మీద వరుసగా పేర్చాడు. చేతులు సబ్బుతో కడుక్కోనిదే లోపలికి పోయేవాడు కాడు. 1987 మచ్చను ఈసారి ఇసుకతో పాటే కడిగేయాలని అతని పట్టుదల.

పట్టుదలకు కారణం ఉంది. పదిహేనేళ్లు దాటిన రోజుకూలీలను పర్మినెంటు చేస్తారని ఆ ఏడు ఆర్డరొచ్చింది. క్షేత్రం నుంచి పోవలసిన జాబితాలో ఒకటే పేరు: హనోకు. పేరు పక్కన 'నడవడిక తృప్తికరం' అని డాక్టరు సంతకం చేస్తే చాలు. సంతకం లేకపోతే, పదిహేడేళ్లూ రబ్బరు పైపులో నీళ్లు. రూతమ్మ అప్పటికే చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన చెప్పించేసింది. దేవుణ్ణి ముందే ఇరికించి పెట్టడం మంచిదని ఆమె లెక్క.

రోజులు నిండాక సగం కుండీల వేళ్లు కోశారు. ఫైలు తీసినప్పుడల్లా కణం ఒక నకలు రాసుకుంటుంది. ఆ నకళ్లను పట్టుకుంటేనే ఏ జీన్ తెరుచుకుందో తెలిసేది. కానీ ఆ నకళ్లు కోసిన నిమిషాల్లోనే చెడిపోతాయి. వెంటనే వేళ్లను గడ్డకట్టించాలి. అంతటి చలిని పుట్టించే ద్రవ నత్రజని, ఆ చుట్టుపక్కల, పశువైద్యుల దగ్గరే ఉంది. ఆబోతు వీర్యం నిలవచేసే డబ్బాలో. అట్లా, ఆబోతు బొమ్మ ఉన్న అల్యూమినియం డబ్బాలో చెరుకు వేళ్లను పెట్టి, హనోకు హైదరాబాదు బస్సెక్కాడు. మూత సందులోంచి తెల్లటి పొగ.

"ఏమున్నదే డబ్బల?" అన్నాడు కండక్టరు.

"చెరుకు ఏర్లు."

"మీద ఆబోతు, లోపట చెరుకు. ఎవలికి జెప్తున్నవ్? దానికి గూడ టికెట్ తీస్కో."

"దేనికి?"

"లోపట ఎన్ని ఎడ్లున్నయో అన్నిటికి."

మూడు వారాలకు ఫలితం వచ్చింది. నకళ్లను నల్లటి గీతలుగా చూపించే ఎక్స్‌రే ఫిలిం ముక్క ఒకటి. నైట్రేటు ఇచ్చిన వేళ్ల గడిలో నల్లటి గీత ఉండాలి, ఉంది. సున్నా కుండీల గడి ఖాళీగా ఉండాలి. దాంట్లో కూడా గీత ఉంది. కొద్దిగా పలచన, అంతే. కోడి రాని ఇంట్లోంచి మసాలా వాసన.

డాక్టరు ఫిలింను కిటికీ వెలుగుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. తరువాత 1987 ఫైలు తెప్పించాడు. ఆలోచించడంకంటే ఫైలు తెప్పించడం సులువు.

"ఏం హనోకూ, మళ్ల చేసినవా?"

"ఏం జేసిన సార్?"

"పిల్లలు పస్తున్నరని బువ్వ పెట్టినవా?"

హనోకు మొహం ఆ ఫిలిం కంటే నల్లబడింది. "బైబిలు మీద ఒట్టు సార్. గా కుండీలను నా కన్నపిల్లల లెక్క ఉపాసం పండవెట్టిన."

ఆ ఉపమానం కొంచెం అడ్డం తిరిగింది గాని, అతను చెప్పదలచుకున్నది అదే.

"నువ్వు తప్ప లోపలికి పోయేదెవరు? రేపు శనివారం, జాబితా పోవాలె. దొంగతనం చేసినోడికి నడవడిక తృప్తికరమని నేను రాయను."

హనోకు కాసేపు నేల చూశాడు. ఏడుస్తాడేమోనని డాక్టరు రుమాలు కోసం జేబు తడుముకున్నాడు. ఇవ్వడానికి కాదు, తనకు అడ్డం పెట్టుకోవడానికి. కానీ హనోకుకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఏడుసార్లు ఇసుక కడిగిన చేతులకు వచ్చే కోపం.

"సార్, మసాల వాసనొచ్చిందంటే కోడి వచ్చినట్టే. గది నేను ఒప్పుకుంట. కని నేను తేలే. ఎవలు తెచ్చిండ్రో మొక్కనే అడుగుదం."

"అడుగు. తెలుగుల అడుగుతవా, ఇంగ్లీషులనా?"

"నీలిమందుల అడుగుత."

నీలిమందు అంటే డైఫినైలమైన్. ఘాటైన ఆసిడ్‌లో కరిగించి గాజుసీసాలో ఉంచుతారు. మొక్క కాడను కోసి దాని మీద ఒక చుక్క వేస్తే, లోపల నైట్రేటు ఉంటే ముదురు నీలం తిరుగుతుంది. లేకపోతే ఏమీ కాదు. పదిహేడేళ్లలో హనోకు వేసిన చుక్కలు డాక్టరు మాట్లాడిన జీన్‌ల కంటే ఎక్కువ. అతని కోటు బొక్క కూడా ఆ మందు పెట్టినదేనని అతని నమ్మకం.

కోయకుండా మిగిలిన సున్నా కుండీలు పన్నెండు. తలుపు నుంచి వెనకగోడ దాకా నాలుగు వరసలు, వరసకు మూడు. హనోకు మోకాళ్ల మీద కూర్చుని మొదలుపెట్టాడు. డాక్టరు చేతులు వెనక్కి కట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు, శవపరీక్షకు వచ్చిన తహసీల్దారులాగా.

మొదటి వరస: చుక్క పడీ పడకముందే సిరా నీలం. డాక్టరు "ఊఁ" అన్నాడు. రెండో వరస: నీలం. డాక్టరు ఇంకొంచెం పొడుగ్గా "ఊఁ" అన్నాడు. మూడో వరస: ఉతికిన లుంగీలాగా వెలిసిన నీలం. నాలుగో వరస వెనకగోడ దగ్గర, పాడైపోయిన మందుకొట్టే పంపులను కుప్పపోసిన చాటున ఉంది. హనోకు చుక్క వేశాడు. ఏమీ కాలేదు. రెండో కుండీ. ఏమీ కాలేదు. మూడోదానికి రెండు చుక్కలు వేశాడు. తెల్లగానే ఉంది.

"సూసినవా సార్! గీ మూడు నిఖార్సైన ఉపాసం. యూరియా ఏసెటోడైతే అన్నిట్ల ఏస్తడు గద? తలుపు కాడ నిలవడి ఇసిరిపోతడా, పెండ్లిల తలువాలు వోసినట్టు?"

అప్పుడు తలుపు దగ్గర గాజుల చప్పుడైంది. ఊడ్చే హన్మవ్వ, చంకలో బకెట్టుతో.

"జరుగుర్రి జరుగుర్రి. సాన్పి సల్లాలె. హైద్రాబాదు పెద్దసారు రేపత్తడట."

జరగమని చెప్పిందేగాని జరిగేదాకా ఆగలేదు. పేడనీళ్లలో చెయ్యి ముంచి, ముప్పై ఏళ్ల అలవాటుతో, అర్ధచంద్రాకారంగా ఒక విసురు విసిరింది. ఆకుపచ్చ చినుకులు నేల మీద పడ్డాయి. మొదటి వరస కుండీల మీద పడ్డాయి. రెండో వరస మీద పడ్డాయి. మూడో వరస మీద రెండు మూడు. పంపుల కుప్ప దగ్గర ఆగిపోయాయి. హనోకు తెల్లకోటు మీద కూడా ఒక చినుకు పడింది. అతను దాని వంక చూశాడు, తరువాత కుండీల వంక, తరువాత డాక్టరు వంక.

"అక్కా," అన్నాడు మెల్లగా, "ఎన్ని రోజుల సంది సల్లుతున్నవే?"

"పెద్దసారు రేపత్తడన్నప్పటి సంది. నలపై రెండు రేపులైనయి. ఆ సారు రాకపాయె, నా రెక్కలు గుంజుడు ఆగకపాయె."

పేడలో నత్రజని ఉంటుంది. వారం పది రోజుల్లో మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. కుండీల అడుగు బొక్కల గుండా తడి ఇసుక దాన్ని పైకి పీల్చుకుంటుంది. వేరు గేటు దగ్గరి బంట్రోతుకు, వచ్చినది సంచి యూరియా నుంచా, హన్మవ్వ బకెట్టు నుంచా అన్న పట్టింపు లేదు. సరుకు వచ్చింది, ఫైలు తీశారు. మొత్తం క్షేత్రంలో తన పని తాను సరిగ్గా చేసినది ఆ బంట్రోతొక్కడే.

హనోకుకు కోపం దిగి సిగ్గు మొదలైంది. ప్రతి పొద్దునా ఆ సాన్పి దాటి, ముగ్గు తొక్కకుండా లోపలికి అడుగేసినది తనే. "ఇయ్యాల మంచిగ పెట్టినవక్కా" అని మెచ్చుకున్నది కూడా తనే. చేతులు సబ్బుతో కడుక్కున్నాడు గాని, సాన్పి చల్లిన నేలను అనుమానించడం అతనికి తోచలేదు. అది శుభ్రం కదా! మంజీర నుంచి గోదావరి దాకా, మురికి అంటే ఏమిటని ఎవరినైనా అడగండి. సాన్పి పేరు ఒక్కరు చెప్పరు.

డాక్టరుకు మాత్రం సిగ్గు అనే జీన్ తెరుచుకోలేదు. కోపం జీన్ వెంటనే తెరుచుకుంది.

"ఎవరు చల్లమన్నరు నిన్ను నెట్‌హౌస్ లోపల? నీకు తెలివున్నదా?"

హన్మవ్వ బకెట్టు కింద పెట్టింది. బొడ్డున దోపిన సంచి తీసింది. అందులోంచి తంబాకు వచ్చింది, సున్నపు డబ్బీ వచ్చింది, ఆ తరువాత నాలుగు మడతల కాగితం వచ్చింది.

"నువ్వే గద సారూ. కాయిదం మీద రాసిచ్చినవ్. నాకు సదువు రాదాయె, అందుకనే పారెయ్యలె."

హనోకు కాగితం అందుకున్నాడు. ఏడో తరగతి చదువు ఆ రోజుకు అక్కరకొచ్చింది. చర్చిలో వాక్యం చదివినట్లు, ఒక్కొక్క మాట విడదీసి, బిగ్గరగా చదివాడు:

"గౌరవనీయులైన పెద్దసారు విచ్చేయువరకు నెట్‌హౌస్ లోపల, వెలుపల ప్రతిదినము సాన్పి చల్లి ముగ్గు వేయవలెను. నిర్లక్ష్యము సహింపబడదు."

కింద ఆకుపచ్చ సిరాతో సంతకం. జాబితా మీద పడవలసిన సంతకం ఎట్లా ఉంటుందో హనోకు అప్పటిదాకా చూడలేదు. అందంగానే ఉంది.

హన్మవ్వ ముగ్గుబుట్ట వైపు చూసి, "మరి ముగ్గెయ్యాల్నా వద్దా? గదన్న జెప్పుర్రి," అన్నది.

డాక్టరు కాగితం కోసం చెయ్యి చాపాడు. హనోకు దాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టి, కోటు జేబులో, బొక్క లేని వైపు పెట్టుకున్నాడు.

"ఉండనియ్యుర్రి సార్. ప్రయోగం కాయిదాలు నా దగ్గర్నే భద్రముంటయి."

శనివారం జాబితా పోయింది. హనోకు పేరు పక్కన 'నడవడిక మిక్కిలి తృప్తికరం' అని ఉంది. 'మిక్కిలి' అడగకుండానే పడింది. ప్రయోగం గురించి పోయిన నివేదికలో, 'స్థానిక వాతావరణ ప్రభావం వల్ల' ఫలితాలు స్పష్టంగా రాలేదని ఉంది. వాతావరణం జవాబు చెప్పదు గనక, మన దేశంలో చాలా నేరాలు దాని ఖాతాలోనే ఉన్నాయి.

ప్రయోగం మళ్లీ మొదలైంది. కుండీలు ఈసారి సిమెంటు గట్టెక్కాయి. హన్మవ్వ సాన్పి గేటు దగ్గరే ఆగిపోయింది. సున్నా కుండీలలో మొక్కలు, శాస్త్రం చెప్పినట్టే, నిమ్మపండు రంగుకు తిరిగాయి. మధ్యలో ఒకనాడు పోస్టులో పర్మినెంటు ఆర్డరు వచ్చింది. రూతమ్మ దాన్ని చర్చికి తీసుకుపోయి అందరికీ చూపించింది. తెల్లకోటు కూడా ఆ ఆదివారం మేకు దిగి చర్చికొచ్చింది.

అట్లా ఉండగా, ఎవరూ ఎదురుచూడని ఒక మంగళవారం, రేపు రేపని నెలల తరబడి ఊరించిన పెద్దసారు నిజంగానే జీపు దిగాడు. వెంట ఫోటోగ్రాఫరున్నాడు. నెట్‌హౌస్‌లోకి వచ్చి, పచ్చటి కుండీలను చూసి తల ఊపాడు. సున్నా కుండీలను చూసి ముక్కు విరిచాడు.

"ఏమిటయ్యా లక్ష్మీరాజం, ఇవి ఇంత పాలిపోయి ఉన్నాయి? పేపర్లో ఫోటో పడాలి, బాగుండదు. ఒక పిడికెడు యూరియా వేయించండి. మూడు రోజుల్లో పచ్చబడతాయి. శుక్రవారం ఇతను మళ్లీ వచ్చి ఫోటో తీసుకుంటాడు."

సున్నా అంటే ఏమిటో వివరించడానికి డాక్టరు నోరు తెరిచాడు. పెద్దసారు మొహం చూశాడు. తెరిచిన నోట్లోంచి "ఎస్ సార్" వచ్చింది.

"హనోకూ, పోయి యూరియా తే."

హనోకు కదలలేదు. కదలకపోగా, గట్టుకూ పెద్దసారుకూ మధ్య వచ్చి నిలబడ్డాడు. పేడ చినుకు మరక ఇంకా కోటు మీద ఉంది. దాన్ని ఉతకడానికి అతను రూతమ్మకు ఇవ్వలేదు.

"తేను సార్," అన్నాడు. "పన్నెండేండ్ల కింద నేనేస్తే దొంగతనమని రాసిండ్రు. ఇయ్యాల ఏస్తే ఏమని రాస్తరు? గీ మొక్కలు ఉపాసమున్నయి. ఉపాసం ఇడిచేదాక గీడ ఎవ్వలు చెయ్యి పెట్టరాదు. పెద్దసారైనా సరే."

ఫోటోగ్రాఫరు కెమెరా దించాడు. పెద్దసారు డాక్టరు వైపు తిరిగాడు.

"ఎవరీయన?"

"మా దగ్గర పనిచేస్తడు సార్." డాక్టరు గొంతు తగ్గించి, నయం కాని రోగం పేరు చెప్పినట్లు చెప్పాడు. "పోయిన నెలనే పర్మినెంటయిండు."